బొంతకి గొంతు లేదు

జూన్ 11

అమ్మడూ,

నువ్వు క్షేమంగా చేరినట్టు ఫోన్లో చెప్పావు. చెప్పావనే అనుకుంటున్నాను. ఈ ఫోన్లు చేసేవాళ్లకి ఏం పుట్టిందో, నీ గొంతు బిందెలోంచి వచ్చినట్టుంది. ఇకమీదట ఏదైనా ఉంటే ఉత్తరం రాయి. కాగితం మీద మాట ఎక్కడికీ జారిపోదు.

"కొద్ది నెలలేగా మామయ్యా, ఓ మూల పడుంటాయి" అన్నావు వెళ్లేటప్పుడు. ఏ మూలో చెప్పలేదు. నా కొట్లో మూలలన్నీ అయిపోయాయి.

ఒంటికన్ను పిల్లి, నువ్వు ముద్దుగా గుండీ అని పిలిచేది, ప్లీడరు గారి నల్లకోటు మీద తప్ప పడుకోనంటోంది. పక్కనే మెత్తటి పీలికలు పరిచాను. వాటి వంక చూసి, నా వంక చూసి, మళ్లీ కోటెక్కింది. బ్రష్షు పెట్టి ఎంత దులిపినా వెంట్రుకలు వస్తూనే ఉన్నాయి. సగం పిల్లి నా బ్రష్షులోకి వచ్చేసింది, అయినా పిల్లి తరగట్లేదు. టేపు తీస్తే చాలు, ఓ కొస నాది, రెండో కొస దానిది. నిన్న ఒకాయన ఛాతీ కొలుస్తుంటే బల్ల మీంచి ఆయన భుజం మీదకి దూకి, టేపు మీద అంకె చూసింది. ఆయన మర్యాదస్తుడు కాబట్టి కదలకుండా నుంచున్నాడు.

తెల్లపిల్లి మేడమ్ సంగతి వేరు. ఇల్లు మారిపోతూ ఎవరో దీన్ని వాకిట్లో వదిలేసి తాళం వేసుకుపోయారన్నావు. ఎందుకు వదిలేశారో ఇప్పుడు తెలుస్తోంది. గిన్నెలో నీళ్లు ముట్టదు. కుళాయి తిప్పాలి, అదీ సన్నగా తిప్పాలి, తాగినంతసేపూ నేను పక్కన నుంచోవాలి. బీరువా తెరిచి ఉంటే లోపలికి దూరి సూటుగుడ్డల తానుల మధ్య కొలువుతీరుతుంది. బయటికి రమ్మనడం చెవిటివాడి ముందు శంఖం ఊదడమే.

ఇక కుక్క. బొంత అని పేరుపెట్టి నా వృత్తిని గౌరవించానన్నావు. ఒంటి మీది ఆ మచ్చలు చూస్తే ఎవరో తొందరలో అతుకులేసినట్టే ఉంది, ఒప్పుకుంటాను. కానీ అది మూగదని ఎందుకు చెప్పలేదు? వచ్చిన దగ్గర్నుంచి ఒక్కసారి అరిస్తే ఒట్టు. నోరు తెరుస్తుంది, మూస్తుంది, మళ్లీ తెరుస్తుంది. ఆవులింతలు కాబోలు. కాపలాకి పనికొస్తుందన్నావు కదా, దొంగ వస్తే దీన్ని చూసి జాలిపడి వాడే ఏదన్నా పెట్టి పోతాడు.

ఒక్క పిల్లినైనా తీసుకుపొమ్మని మీ అమ్మని అడిగాను. తమ్ముడంటే మా అక్కకి ఉన్న ప్రేమ నీకు తెలుసుగా. పిల్లిబొచ్చుకి తుమ్ములొస్తాయంది.

సొరంగంలో జాగ్రత్త. తలమీద టోపీ తియ్యకు.

మీ మామయ్య
(దర్జీ అని రాయబోయాను. ప్రస్తుతం పిల్లుల పరిచారకుణ్ణి.)


జూన్ 20

మామయ్యకి నమస్కారాలు.

నీ ఉత్తరం చదివి ముందు నవ్వాను, తర్వాత భోజనం సహించలేదు.

ఇక్కడ రేకుల గదిలో నలుగురం ఉంటున్నాం. కొండకి అటునుంచి కొందరు, ఇటునుంచి కొందరు తవ్వుకుంటూ వస్తున్నారు. మధ్యలో ఇద్దరూ సరిగ్గా కలిసేలా కొలతలు చూడటం నా పని. నువ్వు కోటుకి చెయ్యి అతికించినట్టే, కాకపోతే తేడా వస్తే విప్పి కుట్టడం కుదరదు. దుమ్ము ఎంతంటే, ఏ సబ్బుకీ లొంగట్లేదు. క్యాంపులో జంతువులు వద్దని మేనేజరు ఖండితంగా చెప్పాడు, లేకపోతే నీకు ఈ కష్టం పెట్టేదాన్నా.

బొంత అరవట్లేదా? నిజంగా ఒక్కసారి కూడా? మామయ్యా, నీకో మాట చెప్పలేదు. చెబితే తీసుకోవని. ఓనరు నన్ను ఇల్లు ఖాళీ చెయ్యమన్నదే దాని అరుపు పడలేక. పాలప్యాకెట్టు వచ్చినా అరుపే, ఎదురింట్లో తలుపు తీసినా అరుపే. అలాంటిది నోరు మూసుకుందంటే నామీద బెంగపెట్టుకుందన్నమాట. రోడ్డు మీద దెబ్బ తగిలి పడున్నప్పుడు కూడా అరుస్తూనే ఉంది, ఆ అరుపు వినే నేను దాని దగ్గరికి వెళ్లాను. ఇప్పుడు నేను వదిలేసి వచ్చానని గొంతు పోగొట్టుకుంది.

దయచేసి దాన్ని పశువుల డాక్టరుకి చూపించు. తిండి తింటోందా? నా పాత చున్నీ ఒకటి సంచిలో పెట్టాను, దాని పక్కన వెయ్యి.

నీ కోడలు


జూలై 2

అమ్మడూ,

చూపించాను. చంకన పిల్లిని పెట్టుకుని పెళ్లికి పోయినట్టని సామెత విన్నాను గానీ, కుక్కని తాడుకట్టి బజారు మధ్యలోంచి నడిపించడం అంతకంటే గొప్పగా ఉంటుంది. ప్రతి స్తంభం దగ్గరా ఆగి పలకరించింది. దారిలో సైకిలువాడొకడు బెల్లు కొట్టకుండా మీదకి వచ్చి, పైగా నన్నే తిట్టాడు.

డాక్టరు చిన్నవాడు. మెడ నొక్కాడు, పళ్లు చూశాడు, ఎదురుగా రబ్బరు బంతి ఆడించాడు. బొంత నోరు బార్లా తెరిచింది. ఆయన రెండు చెవుల్లో వేళ్లు పెట్టుకున్నాడు. అదేం అలవాటో. కుక్కనోట్లో పెట్టిన వేళ్లే, కడుక్కోకుండా. పశువుల డాక్టరై ఉండి శుభ్రత లేదు. ఏమైంది దీని గొంతుకి అని అడిగితే నవ్వాడు. "దీనికేం లేదండీ, మీరే ఓసారి చూపించుకోండి" అన్నాడు. నేనేం చిక్కిపోయానా? పశువుల డాక్టరు నన్ను చూపించుకోమనడం ఏమిటి? ఫీజు మాత్రం మనుషుల ఫీజే.

నీ చున్నీ వేశాను. గుండీ దానిమీద పడుకుంది. బొంత గచ్చు మీదే ఉంది. తిండికేం లోటు లేదు, నా వంతు కూడా తినేలా ఉంది. బెంగ దానికి కాదు, నాకు.

కానీ కొత్త జబ్బొకటి పట్టుకుంది దానికి. మిషను మీద కూర్చుంటానా, ఎవరైనా గడప ఎక్కితే చాలు, వచ్చి నా పంట్లాం అంచు పట్టుకుని లాగుతుంది. వదలమంటే వదలదు. నేను లేచి వచ్చినవాళ్లతో మాట్లాడాకే వదులుతుంది. పంట్లాం అంచులు రెండుసార్లు మడిచి కుట్టుకున్నాను. దర్జీ పంట్లాం చిరుగులతో ఉంటే ఎవడు గుడ్డ ఇస్తాడు?

పై వాటాలో టీచరమ్మ ఉంది కదా, ఆవిడకి ఏదో జలుబు పట్టుకుంది. మెట్ల దగ్గర ఆపి "ముక్కు కారుడు ఆగట్లేదండీ" అంది. పాపం అనిపించి మంచి మెత్తటి గుడ్డతో చేతిరుమాళ్లు కుట్టి ఇచ్చాను. తీసుకుని అదోలా చూసింది. వారం తిరక్కుండా మళ్లీ వచ్చి అదే మాట, ఈసారి కొంచెం గట్టిగా. ఇంకో రెండు కుట్టిచ్చాను. ఇప్పుడు ఎదురుపడితే మొహం తిప్పుకుంటోంది. మంచికి రోజులు కావు.

మూలిగే నక్క మీద తాటికాయ పడ్డట్టు ప్లీడరు గారి గొడవ. కోటుకి తెల్లగుండీలు పెట్టమన్నాడు. నల్లకోటుకి తెల్లగుండీలేమిటండీ అని అడిగాను కూడా. తల ఊపాడు. పెట్టాను. తీరా వచ్చి, "నల్లగుండీలని చెప్పాను కదయ్యా" అని నలుగురి ముందూ ఎగిరాడు. ఇన్నేళ్లుగా నా దగ్గర కుట్టించుకుంటున్న మనిషి. మాట మార్చేసి కోటు బల్ల మీద పడేసి పోయాడు. దానిమీద గుండీ పడుకుంది. సరే, ఇక పడుకోనీ అని వదిలేశాను.

మీ మామయ్య


జూలై 12

మామయ్యకి,

నమస్కారాలు. ఈ ఉత్తరం మూడుసార్లు రాసి చింపాను. ఇక తిన్నగానే రాస్తాను.

బొంత గొంతు బాగానే ఉంది. అది నోరు తెరిచి మూసేది ఆవులింత కాదు, అరుపు. డాక్టరు చెవులు మూసుకున్నది అందుకే. టీచరమ్మ అన్నది "ముక్కు కారుడు" కాదు, "కుక్క అరుపు ఆగట్లేదండీ" అని ఉంటుంది. నువ్వావిడకి చేతిరుమాళ్లిచ్చావు. ప్లీడరు గారు నల్లగుండీలనే అన్నాడేమో. సైకిలువాడు బెల్లు కొట్టే ఉంటాడు. ఫోన్లో నా గొంతు బిందెలోంచి రావట్లేదు మామయ్యా, నేను కొండమీదికెక్కి అరుస్తున్నాను. పక్కగదివాళ్లు నన్ను చూసి నవ్వుతున్నారు.

ఎవరైనా వస్తే బొంత నీ పంట్లాం ఎందుకు లాగుతోందో ఆలోచించావా? అరిచి అరిచి చూసింది. నువ్వు తల ఎత్తలేదు. ఇలాక్కాదని లాగుతోంది. నీకు వినపడట్లేదన్న సంగతి ఆ కుక్క కనిపెట్టి, దానికో ఉపాయం కూడా ఆలోచించింది. మనమే వెనకబడ్డాం.

దీనికి సిగ్గుపడాల్సిందేం లేదు. చెవుల డాక్టరుకి చూపించుకో. అమ్మకి చెప్పలేదు, చెప్పను. కానీ పిల్లి కళ్లు మూసుకుని పాలు తాగుతూ ఎవరూ చూడట్లేదనుకుందట. నీ ఇంట్లో రెండు పిల్లులున్నాయి, నువ్వు మూడోదానివి కాకు.

నీ కోడలు


జూలై 18

మేనకోడలు గారికి,

మీ జాబు అందినది.

నాకు చెవుడని కొండలో కూర్చుని తేల్చేశారు, సంతోషం. సొరంగం కొలతలు కూడా ఇలాగే చూడకుండా తీస్తున్నారేమో, కొంచెం జాగ్రత్తపడమని ఆ కూలీలకి చెప్పండి.

నేను నీ అంత వయసున్నప్పటి నుంచీ మిషను తొక్కుతున్నాను. దారం బిగుసుకుంటే నాకు తెలుస్తుంది, సూది మొద్దుబారితే తెలుస్తుంది. ఇవన్నీ తెలిసేవాడికి గడపమీద మనిషి వస్తే తెలియదా? ప్లీడరు మాట మార్చాడు. టీచరమ్మకి జలుబు. సైకిళ్లవాళ్లకి బుద్ధి లేదు. కుక్కకి గొంతు లేదు. ఇందులో అర్థం కానిదేముంది?

ఇల్లంతా బొచ్చు, పంట్లాం నిండా చిరుగులు, దానిపైన ఈ బిరుదు. వచ్చి నీ సంతానాన్ని నువ్వు తీసుకుపో.

ఇట్లు,
దర్జీ


జూలై 27

మామయ్యకి,

నీ కోపం అర్థమైంది. నేనూ కోపంగానే ఉన్నాను కాబట్టి ఈ ఉత్తరం పొట్టిగా ఉంటుంది.

టీచరమ్మకి ఫోన్ చేశాను. నువ్వు తిడతావని తెలిసే చేశాను. ఆవిడకి జలుబు లేదు. పిల్లలకి పాఠం చెప్పేటప్పుడు కుక్క అరుపు ఆపమని అడిగితే నువ్వు చేతిరుమాళ్లిచ్చి "ఆవిరి పట్టండమ్మా" అన్నావట. వెక్కిరిస్తున్నావనుకుని మాట్లాడ్డం మానేసింది. నేను సంగతి చెప్పాక "అయ్యో, అదా" అంది.

రెండోది. తీసుకుపొమ్మన్నావు. ప్రతి ఉత్తరంలోనూ విసుక్కున్నావు, నేనే తమాషాగా తీసుకున్నాను. నీకు ఇష్టంలేని బరువు నెత్తిన పెట్టి వచ్చాను, తప్పే. మా క్యాంపు స్టోర్సులో పనిచేసే ఆవిడ వాళ్ల పిన్నికి ఊరి బయట పెద్ద పండ్లతోట ఉంది. మూడింటినీ ఉంచుకుంటానంది. ఆగస్టు రెండోవారంలో వాళ్ల వ్యాను మీ వైపు వస్తుంది. వాటి గిన్నెలు, చున్నీ ఇచ్చి పంపించు. అక్కడ బొంత ఎంత అరిచినా వినేవాళ్లుండరు. నీ దగ్గరా అంతే అనుకో, కానీ అక్కడ కారణం వేరు.

ఇక నీ మిషను, నీ ప్రశాంతత నీకు తిరిగొస్తాయి.

నీ కోడలు


ఆగస్టు 3

అమ్మడూ,

వ్యాను సంగతి చదివి ఆ రోజంతా నీకు తిట్లతో ఉత్తరం రాశాను. పండ్లతోటలో మేడమ్‌కి కుళాయి ఎవరు తిప్పుతారు, పిన్ని తిప్పుతుందా, అని. ఇంకా చాలా రాశాను. ఆ ఉత్తరం పంపట్లేదు. మొన్న జరిగింది రాస్తున్నాను.

పొద్దున్నే బీరువా తీసి లైనింగు గుడ్డ తీసుకుని తలుపు వేశాను. గొళ్లెం కూడా పెట్టాను. తర్వాత మిషను మీద కూర్చున్నాను. అర్జంటు పని. కాసేపటికి బొంత వచ్చి పంట్లాం లాగింది. గడప వైపు చూశాను, ఎవరూ లేరు. మళ్లీ లాగింది. మళ్లీ ఎవరూ లేరు. విదిలించుకున్నాను. ఈసారి నా చేతిలోని గుడ్డ పట్టుకుని లాగింది, కుట్టు వంకరపోయింది. నాకు ఒళ్లు మండి దాన్ని వరండాలోకి ఈడ్చుకెళ్లి కట్టేశాను. గుండీ బీరువా ముందు కూర్చుని తలుపు వంక చూస్తోంది. ఎలకేమో అనుకున్నాను.

మధ్యాహ్నం బయటినుంచి వచ్చిన టీచరమ్మ మెట్లెక్కబోతూ ఆగి, తిన్నగా నా కొట్లోకి వచ్చేసింది. చెప్పులు కూడా విప్పలేదు. నన్ను దాటుకెళ్లి గొళ్లెం తీసింది.

మేడమ్ బయటికి నడిచి రాలేదు. పడింది. నోరు తెరిచి ఉంది. ముందుకాళ్ల గోళ్ల దగ్గర రక్తం. తలుపు లోపలి వైపు చెక్కంతా గీరుకుపోయి ఉంది. నా కుర్చీ వీపు ఆ తలుపుకి తగులుతుంది అమ్మడూ. నేను వెనక్కి వాలితే బీరువాకే వాలతాను. పొద్దుట్నుంచీ అది నా తల వెనకాల గీరుతూ, ఏడుస్తూ ఉంది, నేను అంచు మడుచుకుంటూ కూర్చున్నాను.

టీచరమ్మ కసరలేదు. కసిరినా బాగుండేది. నా మొహానికి దగ్గరగా వచ్చి, "వీధి మొదట్లోకి వినిపిస్తోందండీ" అంది. ఆ మాట మాత్రం పొల్లుపోకుండా వినపడింది.

ఆవిడే కుళాయి తిప్పి నీళ్లు పట్టింది. పశువుల డాక్టరు ఇంటికే వచ్చి మందు రాసి, ప్రాణానికి భయం లేదన్నాడు. పోయేటప్పుడు నా భుజం తట్టి ఏదో అన్నాడు, నేను అడగలేదు. బొంతని విప్పి లోపలికి తెచ్చాను. అది నావైపు చూడలేదు, పోయి మేడమ్ పక్కన పడుకుంది. మేడమ్ ఇప్పుడు లేచి తిరుగుతోంది, కానీ నేను గదిలోకి వస్తే తను బయటికి పోతోంది.

నాకు వినపడదు. ఎప్పట్నుంచి అన్నది నాకే తెలియదు. మనుషుల పెదాలు చూసి నెట్టుకొస్తున్నాను. ప్లీడరు గారికి గుబురు మీసం.

వ్యానుని రమ్మను. అప్పుడు తీసుకుపొమ్మన్నది విసుగుతో. ఇప్పుడు అది కాదు. నా దగ్గర ఉంటే వాటికి క్షేమం కాదు.

మీ మామయ్య


ఆగస్టు 9

మామయ్యా,

వ్యాను రాదు. నిన్ననే చెప్పేశాను.

చెవులు చూపించుకోమని రాస్తే తీసుకుపో అంటావు, తీసుకుపోతానంటే తిడతావు, తిట్టినవాడివి మళ్లీ రమ్మంటావు. నీకు రాసీ రాసీ నా వేళ్లు కాయలు కాశాయి. ఇప్పుడు నేను చెప్పేది ఒక్కటి విను. వినలేకపోతే చదువు, మరీ మంచిది.

మేడమ్‌ని ముందు వదిలేసినవాళ్లు మళ్లీ వెనక్కి తిరిగి చూడలేదు. నువ్వు తప్పు చేశావు, చేసి దాన్ని వదిలి పోలేదు. ఇవి రెండూ ఒకటి కాదు. అది కొన్నాళ్లు మొహం తిప్పుకుంటుంది. నేను దాన్ని తెచ్చిన కొత్తలో మంచం కింద నుంచి బయటికే రాలేదు. నేనేం బతిమాలలేదు. ఎదురుగా కూర్చుని నా పని చేసుకున్నాను. నువ్వూ అదే చెయ్యి. బీరువాకి గొళ్లెం పీకించెయ్యి.

చెవుల డాక్టరు దగ్గరికి టీచరమ్మ తోడు వస్తానంది. నేనే అడిగాను, తిట్టదలుచుకుంటే తిట్టు. ఆయన చెప్పేది నీకు వినపడకపోతే మళ్లీ నాకు ఏ జబ్బు రాసి పంపిస్తావో అని భయం.

నవంబరుకి మాకు వేరే ఇళ్లిస్తారట, జంతువుల్ని ఉంచుకోనిస్తారట. అప్పుడొచ్చి తీసుకెళ్తాను. అప్పటిదాకా మూడూ నీవే.

నీ కోడలు


సెప్టెంబరు 14

అమ్మడూ,

ఆశీస్సులు.

చెవిలో గుబిలేమో, తీసేస్తే సరిపోతుందేమో అని చివరిదాకా ఆశపడ్డాను. గుబిలి కాదు. కుడిచెవి ఇక రాదట. ఎడమచెవికి మిషను పెట్టారు. చింతగింజంత ఉంది. డాక్టరు గదిలో టీచరమ్మ నాకంటే ఎక్కువ ప్రశ్నలడిగింది. ఆయన ఆవిణ్ణి నా అక్క అనుకున్నాడు. ఆవిడ కాదనలేదు, తమ్ముడితో వేగలేకపోతున్నానంది.

ఇంత గోల మధ్య ఉంటున్నానని నాకు తెలియదు. నా చెప్పులు చప్పుడు చేస్తాయి. కుర్చీ మూలుగుతుంది. నా కుట్టుమిషను రైలు, రైలుకంటే అన్యాయం. దీన్ని ఇన్నాళ్లు టీచరమ్మ ఎలా భరించిందో. ఫ్యాను కిర్రుమంటోంది, కుళాయి కారుతోంది, గుండీ నిద్రలో గురకపెడుతోంది. ఈ చెవిమిషను పీకి డ్రాయర్లో పడేద్దామని రోజుకి పదిసార్లనిపిస్తుంది. గోల ఎక్కువైతే పీకేస్తున్నాను కూడా, డాక్టరుకి చెప్పకు.

బొంత గొంతు విన్నాను. అంత ఛాతీ ఉన్న కుక్క గదా, డప్పులా ఉంటుందనుకున్నాను. తుప్పుపట్టిన కిటికీ రెక్క తీసినట్టుంది. ఒకసారి మొదలుపెడితే ఆ రెక్కని తీస్తూ మూస్తూ ఉంటుంది. మీ ఇంటి ఓనరు నిన్ను వెళ్లగొట్టాడంటే ఆయన్నేమీ అనలేను. మెట్లెక్కి పైకెళ్లి టీచరమ్మకి క్షమాపణ చెప్పాను. "పోనీండి, చేతిరుమాళ్లు బాగున్నాయి" అంది. ఇప్పుడు పాఠాల వేళకి బొంతని బజారు వైపు తిప్పుతున్నాను. స్తంభాలతో దాని పరిచయాలు పెరిగాయి.

ప్లీడరు గారికి గుండీలు మార్చి కోటు పంపాను. కోటు తీసుకున్నాడు, మనిషి తిరిగి రాలేదు. ఎదురువీధిలో కొత్త దర్జీ దగ్గర కుట్టించుకుంటున్నాడు. మొన్న కనపడితే కొత్త కోటుకి భుజాల దగ్గర ముడతలున్నాయి. ఆయనతో పాటు ఇంకొందరు పోయారు. వాళ్లకి ఏ మాట తప్పు విన్నానో ఇక తెలుసుకోలేను. వచ్చేవాళ్లతో మాత్రం చెప్పిన మాట మళ్లీ చెప్పించుకుంటున్నాను. మొదట్లో సిగ్గేసింది. ఇప్పుడు వాళ్లే రెండుసార్లు చెబుతున్నారు.

మేడమ్ చాలారోజులు నా దగ్గరికి రాలేదు. నువ్వు చెప్పినట్టు బతిమాలలేదు. బీరువా గొళ్లెమే కాదు, ఒక తలుపు రెక్కే పీకించేశాను. గుడ్డలకి దుమ్ము పడితే పడింది. నిన్న కుళాయి దగ్గరికెళ్లి కూర్చుని నావైపు చూసి ఒక అరుపు అరిచింది. పొట్టి అరుపు, కసిరినట్టుంది. లేచి వెళ్లి తిప్పాను, సన్నగా. తాగినంతసేపూ నుంచున్నాను.

నవంబరులో రా. పిల్లుల్ని తీసుకెళ్తావో, ఇక్కడ ఉంచుతావో, వాటినే అడిగి తేల్చుకో. గుండీ ఇప్పుడు నా మోచేతి కింద ఉంది, ఈ ఉత్తరంలో వంకర అక్షరాలన్నీ దానివి. బొంతని మాత్రం అడక్కు. దానికిక్కడ ఉద్యోగం ఉంది.

ఆ ఉద్యోగం గురించి ఒక సంగతి నీకు మాత్రమే రాస్తున్నాను. ఎవరైనా గడప ఎక్కితే ఇప్పుడు నాకు వినపడుతోంది. చెప్పుల చప్పుణ్ణి బట్టి ఎవరో కూడా చెప్పగలుగుతున్నాను. అయినా తల ఎత్తను. బొంత లేచి, ఒళ్లు విరుచుకుని, నడిచొచ్చి, పంట్లాం అంచు పట్టుకుని లాగేదాకా కుడుతూనే ఉంటాను. వచ్చినవాళ్లు కాసేపు నుంచుంటే ఏం పోయింది. అది లాగాక, "ఎవరో వచ్చారా?" అని దాన్నే అడిగి, అప్పుడు లేస్తాను.

మీ మామయ్య